కట్ చేసిన పేరు

నస్పూర్,
9 సెప్టెంబర్ 2024.

చిరంజీవి లక్ష్మణ్‌కు,

జాన్సన్ తల్లి రిబ్కమ్మ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయిస్తున్నది. నువ్వూ, అనసూర్యా, పసిపిల్లా జమ్మికుంటలో మీ అత్తగారింట్లో బాగున్నారని తలుస్తాను. నేను బాగా లేను. అది నీకు తెలుసు.

నాకు అక్షరం రాదు. పక్కింటి రెబెకా టీచరమ్మ రాసిపెడుతున్నది. గట్టి మాట చెప్పినప్పుడల్లా "గట్ల రాస్తే బాగుండదమ్మా" అని కలం ఆపుతుంది. "రాయవే, బాగుండనీకి ఇదేమన్న పెండ్లి పత్రికనా" అన్నాను. ఫోన్ చేస్తే నువ్వు కట్ చేస్తున్నావు. ఉత్తరాన్ని అట్లా చేయలేవు కదా.

ఈ కట్ అనే ఇంగ్లీషు మాట నాకు బడికి పోకుండానే వచ్చింది. నా పెనిమిటి పౌలు బొగ్గుబాయిలో బొగ్గు కట్ చేసేవాడు. అప్పుడది అన్నం పెట్టే మాట. జాన్సన్ మొదటి పుట్టినరోజుకు కేకు కట్ చేస్తుంటే వాడు కత్తిని చూసి ఏడ్చాడు, అందరం నవ్వాం. మొన్న జూన్‌లో దవాఖానాలో వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, అదే మాట అన్నారు. "కట్ చేసినంకనే శవం ఇస్తం, జర ఆగు ముసలమ్మా" అన్నాడు అక్కడి మనిషి. వానలో నిలబడి ఆగాను.

ఇప్పుడు బాయి ఆఫీసులో వాడి పేరే కట్ చేస్తారట. ఆ ఆదివారం డ్యూటీ నీది, వాడిది కాదు. హాజరుకు వేలు పెట్టే మిషను చెడిపోయింది, నంబరు బిళ్ల చూపిస్తే తలలైటు ఇచ్చి లోపలికి పంపారు. నీ బిళ్ల పట్టుకొని నా కొడుకు దిగాడు. బాయి పైకప్పు వాడి మీద కూలింది. విచారణలో నువ్వేమన్నావు? "నేనియ్యలే సార్, నా అంగిల నుంచి వాడే తీసుకుండు" అన్నావు. దాంతో జాన్సన్ దొంగ అయ్యాడు. పనిలో పోయినవాళ్ల పేర్లు బాయి గేటు దగ్గర రాతి మీద చెక్కిస్తున్నారు. వాడి పేరు వద్దంటున్నారు. ప్రభువు గుడిలో నా వెనక వరుసలోనే గుసగుసలు: "ఆరాధన ఇడిసిపెట్టి దొంగతనంగ దిగిండంట."

నా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నావు? "పెద్దవ్వా, నీ చాపల పులుసు వాసనకు సచ్చినోడు లేచొస్తడు" అనేవాడివి. చచ్చినవాడు లేవలేదు లక్ష్మణ్.

ఆ పొద్దున నువ్వే వచ్చావు. అనసూర్యకు నొప్పులు మొదలైనయని, "ఇంకొక్క నాగా పెడితే నా పేరు కట్ చేస్తమన్నరు" అని ఏడ్చావు. గుడికి తయారై కూర్చున్నవాణ్ణి చెయ్యి పట్టి గుంజుకుపోయావు. పద్దెనిమిదో తేదీన ఆఖరి విచారణ. వచ్చి, ఆ బిళ్ల నీ ఇష్టంతోనే ఇచ్చావని చెప్పు. నౌకరీ పోతుందని నీ భయం. పోనీ. నా కొడుకు పేరు నాకు ఇచ్చేయ్.

రాకపోతే నేనే జమ్మికుంట వస్తాను. పత్తి మార్కెట్టు నడుమ నిలబడి నీ పేరు పెట్టి అరుస్తాను. నా గొంతు నీకు తెలుసు.

ఇట్లు,
రిబ్కమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క.: టీచరమ్మ మొత్తం చదివి వినిపించింది. ఇందులో ఒక అబద్ధం ఉంది. "దాన్ని కొట్టెయ్యకు, కింద ఇది కూడా రాయి" అని ఆమెతో అన్నాను.

నువ్వు వాణ్ణి గుంజుకుపోలేదు. "ఆదివారం నేను దిగనురా, గుడికి పోవాలె" అని వాడంటే, నువ్వు తిరిగిపోయావు. నిన్ను కేకేసి వెనక్కి పిలిచింది నేను. "ఆడిమనిషి నొప్పులు పడుతుంటే నీకు పాటలు కావాల్నా?" అని వాణ్ణి తిట్టింది నేను. విచారణలో నన్ను అడిగితే "నేను నిద్రల ఉన్న సార్, నాకు తెల్వదు" అన్నాను. అబద్ధం చెప్పింది నువ్వొక్కడివే కాదు.

పద్దెనిమిదిన ముందు నేను చెప్తాను. తల్లి మాట కదా, ఒక్కదాన్ని చెబితే నమ్మరు. నా వెనక నువ్వు చెప్పు. వాడి చేతిలోని పాటల పుస్తకం లాక్కొని, నీ దగ్గర బిళ్ల తీసుకొని, ఆ చేతిలో పెట్టింది నేనే.