కాటుక గ్రాఫులో రెండో శిఖరం

బుధవారం, రాజమండ్రి

ఈరోజు ల్యాబ్‌లో ఒక నిజాన్ని చెరిపించాను.

నక్షత్రాల మధ్య తేలే కార్బన్ ధూళితో పోల్చడానికి ఫైనలియర్ సునీత ఆముదం దీపం మీద పట్టిన మసి తెచ్చింది. వాళ్ల అమ్మమ్మ కాటుక చేసే పద్ధతట. ఇన్‌ఫ్రారెడ్ మిషన్‌లో పెడితే, గ్రాఫులో పాఠ్యపుస్తకంలో ఉన్న శిఖరం పక్కనే ఇంకొకటి వచ్చింది. తన రికార్డులో పెన్సిల్‌తో రెండూ గీసింది.

"అది ఆముదం జిడ్డమ్మా, చెరిపెయ్. రికార్డులో గ్రాఫు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉండాలి," అన్నాను. పదిహేనేళ్లుగా నా విద్యార్థులందరికీ చెప్పే మాటే.

"మిషన్‌లో వచ్చిందండీ," అంది మెల్లగా. తర్వాత రబ్బరు తీసుకుంది.

ఇంటికొచ్చాక మనసొప్పక ఒక పరిశోధనా వ్యాసం తిరగేశాను. నక్షత్రపు వెలుగుకు వేడెక్కి ధూళి వెదజల్లే ఇన్‌ఫ్రారెడ్‌లోనూ సరిగ్గా అక్కడే రెండో శిఖరం ఉంది. ఆ ధూళిలో వలయాల్లాంటి కార్బన్‌తో పాటు, నూనెల్లో ఉండే గొలుసుల్లాంటిదీ ఉందనడానికి అదే గుర్తట. సునీతది ఉత్త జిడ్డే కావచ్చు. కానీ అది తేల్చుకోనివ్వకుండానే...

రేపు క్లాసులో అందరి ముందూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటానా?

తన రికార్డు నా బల్ల మీదే ఉంది. చెరిపిన గీత ఇంకా లీలగా కనిపిస్తోంది. దాని పక్కనే ఎర్ర సిరాతో "కరెక్ట్" అని రాసి, సంతకం పెట్టింది నేనే.