వెలిసిన నలుపు

మసిగాడి యజమానిగారికి,

మీ భార్య నమస్కారాలు. నేను చదివింది నాలుగో తరగతి. ఒత్తులు తప్పుతాయి, వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మీరు ఓడ పనికి వెళ్ళి ఐదు నెలలైంది. వెళ్ళేటప్పుడు మీ నల్లపిల్లి మసిగాడి గిన్నె నా చేతికిచ్చి, "వీడు ముసలాడు. ఎలక ఎదురొస్తే వీడే దారిస్తాడు. రోజూ మాంసం ముక్కలు తెచ్చి పెట్టు" అన్నారు. తల ఊపాను. మాంసం కొట్టుకు వెళ్ళాను కూడా. లోపలంతా మగవాళ్ళు. కొట్టతను కత్తి పైకెత్తి "ఏం కావాలమ్మా?" అన్నాడు. బెదిరిపోయి "ఏమీ వద్దు" అన్నాను. "ఏమీ వద్దంటే పక్క కొట్లో దొరుకుతుంది" అన్నారెవరో. అందరూ ఒకటే నవ్వు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అప్పటినుంచి వాడికి పాలలో నానబెట్టిన రొట్టే పెడుతున్నాను. "పిల్లికి పెట్టావా?" అని అత్తయ్యగారు అడిగితే "పెట్టానండి" అంటున్నాను.

ఇప్పుడు మసిగాడు మసిలా లేడు. వీపు, తోక తుప్పు పట్టినట్టు ఎర్రబడ్డాయి. చెయ్యి వేస్తే చర్మం అలలు అలలుగా వణుకుతుంది. నిప్పు తగిలినట్టు అరిచి మంచం కిందికి దూరుతాడు. రంగులు కలిపే బాబాయి, "ఎర్ర తొట్టిలో పడుంటాడు" అన్నాడు. మన అద్దకం ఇంట్లో ఇంకేం అనుకుంటారు? సబ్బు పెట్టి మూడుసార్లు కడిగారు. వాడి అరుపు విని చెవులు మూసుకున్నాను. బాబాయి "వీడికి పిచ్చెక్కింది, ఊరవతల వదిలేద్దాం" అంటే, అత్తయ్యగారు తడి తెల్లగుడ్డతో వాడి తోక రుద్దారు. గుడ్డకి ఏమీ అంటలేదు. వెంట్రుకలు విడదీసి చూసి, "ఇది అంటిన రంగు కాదు. వెంట్రుక మొదలే ఎర్రగా ఉంది. లోపల నలుపు తయారవడం లేదు" అన్నారు. ఎంత కన్నండీ ఆవిడది! ఆ కన్ను నా వైపు తిరగకముందే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రేపు పశువుల డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. నిజం బయటపడితే ఆవిడ ముందు తలెత్తలేను. అంతకుముందే మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామని బట్టలు సర్దుకున్నాను.

ఇట్లు,
మాట దక్కించుకోలేని మీ భార్య

*

మసిగాడి యజమానిగారికి,

ఓడ ఏ రేవులో ఉందో, నెల కిందటి నా ఉత్తరం అందిందో లేదో తెలియదు. నేను వెళ్ళలేదు. మర్నాడు మసిగాడిని పెట్టిన బుట్ట మోయడానికి అత్తయ్యగారు నన్నే పిలిచారు.

డాక్టరమ్మ వేలితో వీపు ముట్టుకోగానే వాడు కేకపెట్టాడు. "తిండేమిటి?" అని అడిగారు. "రోజూ మాంసమేనమ్మా, మా కోడలు దగ్గరుండి పెడుతుంది" అన్నారు అత్తయ్యగారు. ఎంత ధీమాగా అన్నారో! డాక్టరమ్మ చాలాసేపు చూసి, "తిండి లోపం కాకపోతే ఇది నరాల జబ్బే. ఈ వయసులో నయం కాదు. ఇంత బాధ పడనివ్వడం కన్నా ఇంజెక్షనిచ్చి నిద్రపుచ్చడం మేలు" అన్నారు. అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుని సరేనన్నారు. డాక్టరమ్మ సూదిలోకి మందు తీస్తున్నారు.

"మాంసం పెట్టలేదండీ!" అన్నాను. గోడలు అదిరేంత గట్టిగా వచ్చింది. నా గొంతు అంతుంటుందని నాకే తెలియదు. కొట్టు సంగతీ, రొట్టె సంగతీ అన్నీ చెప్పేశాను.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టారు. పిల్లి ఒంట్లో నలుపు తయారవడానికి కావలసింది మాంసంలోనే ఉంటుందట. అది తగ్గితే ముందు నలుపు ఎర్రబడుతుంది, ఆపైన నరాలు చెడి ముట్టుకుంటేనే మంట పుడుతుంది. "నిన్నటిదాకా ఏం చేశావమ్మా?" అని ఆవిడ నన్ను కసిరితే, అత్తయ్యగారు అడ్డం వచ్చారు. "మా పనిలో రంగు చెడితే కలిపినవాళ్ళని అనరమ్మా. తొట్టి మూత తీసి చూడని పెద్దదాన్ని అంటారు. ఆ గిన్నెలోకి నేను ఒక్కసారైనా తొంగిచూడలేదు. అనేదేదో నన్ను అను" అన్నారు.

దారిలో నేను ఏడుస్తుంటే, "ఏడుపు ఇంటికెళ్ళాక. ముందు మాంసం కొట్టుకు పద" అన్నారు. నన్ను ముందుకు తోసి ఆవిడ బయటే నిలబడ్డారు. కొట్టతను నన్ను గుర్తుపట్టి, "ఇవాళా ఏమీ వద్దా?" అన్నాడు. "ముసలి పిల్లికి మెత్తటి ముక్కలు కావాలి. రోజూ వస్తాను, తీసి ఉంచండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా వినపడేది కాదులెండి, గుండె అంత చప్పుడు చేస్తోంది.

ఇప్పుడు మసిగాడి వీపు మీద మొదళ్ళలో సన్నగా నలుపు వస్తోంది. అరచేయి ఆనిస్తే ఊరుకుంటున్నాడు, నిమరనివ్వడం లేదు. కొన్ని నెలలు పడుతుందన్నారు డాక్టరమ్మ.

అసలు సంగతి ఇది. నిన్న అత్తయ్యగారు మీకు ఉత్తరం రాసి, కవరు అతికించమని నాకిచ్చారు. చూడకూడదు, చూశాను. "ముసలివాడికి అరగదని మాంసం నేనే మాన్పించాను, వాడి ప్రాణం మీదికి తెచ్చాను. అమ్మాయే కనిపెట్టి కాపాడింది" అని రాశారు. నా జన్మలో నా కోసం ఎవరూ ఇంత అబద్ధం ఆడలేదు. నిజం మీకు చెప్పకుండా ఉండలేను, మీకు తెలిసిందని ఆవిడకు తెలియనివ్వనూ లేను. మీరు ఇంటికొచ్చాక ఆవిడ మాటే నమ్మినట్టు ఉండండి. కావాలంటే ఆవిడని కాస్త కోప్పడండి, సంతోషిస్తారు. నావి రెండు ఉత్తరాలూ కాల్చేయండి. ఆవిడది మాత్రం దాచండి.

మీ భార్య,
ఆవిడ కోడలు