వాగు మీదుగా పోయిన బండి

సోమవారం, రాత్రి

నర్సుగా ఇన్నేళ్లలో ఇట్లాంటి రోజు చూడలేదు. వేంపల్లె మైదానంలో కంపెనీవాళ్లు ఇద్దరు పట్టే ఎగిరే బండిని చూపిస్తుండగా, వాగవతలి ఊళ్లో లక్ష్మమ్మ అనే ఆమెను పాము కరిచిందని నాకు ఫోనొచ్చింది. వాగు పొంగి అంబులెన్సు ఆగిపోయింది.

"గ్రౌండు దాటితే నా ఉద్యోగం పోతాది మేడమ్," అన్నాడు పైలట్.

"ఆడ పానం పోతాండాదప్పా, బండి పోనీ!" అని ఆసుపత్రి నుంచి తెప్పించిన పాముకాటు మందు పట్టుకుని ఎక్కేశాను. అతను బండి లేపాడు. కింద ఎర్రనీళ్లు చూడలేక కళ్లు మూసుకున్నాను.

మందెక్కించిన చాలాసేపటికి లక్ష్మమ్మ కళ్లు తెరిచింది. ఆమె కూతురు నా చెయ్యి వదల్లేదు.

"మళ్లా ఎవురికన్నా ఇట్లయితే వస్తావు కదక్కా?"

వస్తానన్నాను.

ఇప్పుడే పైలట్ ఫోన్ చేశాడు. అనుమతి లేకుండా ఎగిరామని పొద్దున్నే కంపెనీవాళ్లు బండిని వెనక్కి తీసుకుపోతున్నారట. వాగు ఇంకా తగ్గలేదు.