మిగిలిన ప్రదక్షిణలు ఎవరికి?

ఢిల్లీ జనక్‌పురిలో ఉంటున్న కొచ్చెర్ల మాణిక్యాంబ అను నేను, కీర్తిశేషులు పార్థసారథి గారి భార్యను, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైనదాన్ని, డెబ్బై ఒకటో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతులతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మనసు స్వస్థంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. కుదురుగా ఉందని ఆయనా రాయలేదు, నేనూ రాయను. సోమవారం నా గుండెలో వాల్వు మారుస్తారు. అంతవరకు మంచం దిగొద్దన్నారు. ఇంతవరకు రాసేలోపే రెండుసార్లు దిగాను.

1. నా స్వార్జితమైన ఈ ఫ్లాటు నా ఏకైక కుమారుడు సుహాస్‌కు సర్వహక్కులతో చెందవలెను. నోయిడాలో పదిహేడో అంతస్తులో ఉండేవాడికి ఈ రెండు గదులు ఎందుకు, అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. కొనేవాళ్లకి వంటింటి కిటికీ సంగతి మాత్రం చెప్పాలి. గడియ పైకెత్తి తోస్తేగాని అది తెరుచుకోదు.

2. నా బంగారం మొత్తం కోడలు ప్రవల్లికకు చెందవలెను. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా ఆమెదే. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. "అత్తయ్యా, ఆప్ బైఠియే నా, మీరు కూర్చోండి, నేను చేస్తాను కదా" అంటుంది ఇక్కడికి వచ్చినప్పుడల్లా. పెళ్లయిన కొత్తలో ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆదివారం ఆ మాట వినపడకపోతే ఇల్లు బోసిగా ఉంటుంది. ఇది నీతో ఎప్పుడూ అనలేదమ్మా, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

3. మనవరాలు తేజశ్రీకి, తను చేసిచ్చిన, కాన్పు గదుల వివరాలు చూపించే క్యూఆర్ కోడ్ అట్ట తిరిగి చెందవలెను. పార్కులో నడిచేటప్పుడు దాన్ని నా వీపుకు పిన్నులతో తగిలించుకునేదాన్ని. "దాదీ, లోగ్ స్కాన్ కైసే కరేంగే? మీరు ఆగరు కదా!" అని నవ్వింది. నిజమే. పాపం, జనం ఫోన్లు పట్టుకుని నా వెనక పరిగెత్తేవారు. కుక్కల కోసం జేబులో పెట్టుకునే ఈల కూడా దానికే.

4. ఇక అసలు విషయం. నేను చాలా దేశాల్లో పనిచేసే ఒక సేవాసంస్థకు వాలంటీరుని. నేపాల్‌లోనూ, మలావీలోనూ, మన ఒడిశా కొండల్లోనూ ఆసుపత్రి అందని ఊళ్లలో కాన్పు గదులు కట్టిస్తారు. ఇక్కడ పోగైన డబ్బు ఇక్కడి ఊళ్లకే పోతుంది. మా తమ్ముడు ధర్మయ్య "మన దగ్గర పేదలు లేరా అక్కా?" అని పెళ్లిళ్లలో పదిమంది ముందు అడుగుతుంటాడు గనక ఈ సంగతి రాయాల్సి వచ్చింది. ధర్మయ్యకు ఈ సమాధానమే చెందవలెను, మరేమీ చెందదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అక్క అన్నపూర్ణకు నొప్పులొచ్చాయి. మాది గోదావరి లంక. మంచం మీద రేవుకి మోసుకొచ్చారు. పడవ అవతలి ఒడ్డున ఉంది. ఆసుపత్రి సున్నపు గోడలు కనిపిస్తూనే ఉన్నాయి. నన్ను గట్టు మీద కదలకుండా కూర్చోమన్నారు. కూర్చున్నాను. పడవ వచ్చేసరికి అక్క లేదు. ఆ తర్వాత నాకు కూర్చోవడం చేతకాలేదు.

5. విరాళాలకని నడవడం ఇక్కడ కొత్త కాదు, ఆఫీసుల పిల్లలు బనియన్లు వేసుకుని పరిగెడుతూనే ఉంటారు. నాకు పరుగు రాదు, ప్రదక్షిణలు వచ్చు. అందుకని మొదటి ఏడాది మన తెలుగువాళ్ల కార్తీక వనభోజనాల్లో లేచి, "కాన్పు గది కోసం మొక్కుకున్నాను. పార్కు చుట్టూ వెయ్యిన్నెనిమిది ప్రదక్షిణలు చేస్తాను. మీకు తోచింది వేయండి" అన్నాను. మొక్కు అన్నాను, ప్రదక్షిణ అన్నాను. మనవాళ్లు ఎక్కడ వేస్తారు? అందరూ వరుసగా వెళ్లి కాలనీ గుడి హుండీలో వేశారు. వేసి వచ్చి, కళ్లనీళ్లతో నా చేతులు పట్టుకుని మరీ చెప్పారు.

గుడి కమిటీ కార్యదర్శి రామమూర్తి గారి దగ్గరికి వెళ్లాను. "మాణిక్యాంబ గారూ, హుండీలో పడ్డది దేవుడిదండీ. మొక్కు మొక్కే. తీసివ్వడానికి నేనెవర్ని?" అన్నారాయన. ఆ డబ్బుతో మండపానికి పాలరాయి పరిచారు. ఆ రాతి మీద నేను ఇంతవరకు కాలు పెట్టలేదు. దేవుడికి గేటు దగ్గర్నుంచే దండం పెడుతున్నాను. ఆయనకు నా బాధ అర్థమవుతుంది, రామమూర్తి గారికే అర్థం కాదు.

6. అప్పటినుంచి పద్ధతి మార్చాను. ముందుగా ఎవరి దగ్గరా పైసా తీసుకోను. మాట తీసుకుంటాను. ప్రదక్షిణలన్నీ పూర్తయ్యాక గుమ్మం గుమ్మానికీ వెళ్లి, నా ఎదుటే వాళ్లచేత సంస్థ ఖాతాకు వేయిస్తాను. అలా రెండు గదులు లేచాయి. ఈ ఏడాది మూడోది. గోడలు లేచాయి, కప్పు పడలేదు. వానల్లోపు పడాలంటే ఉగాదికి నా మొక్కు తీరాలి. ఇంకా మూడోవంతు మిగిలే ఉంది. నేను పోతే జనం నాకు ఇచ్చిన మాటలన్నీ నాతోనే పోతాయి.

నాకు భయంగా ఉంది. సుహాస్‌తో అనలేదు. కప్పు పడకముందే పోతానేమోనని భయంగా ఉంది.

7. నా తర్వాత అడిగేవాళ్లకు నాలుగు మాటలు. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అందరూ దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు. ఒక్కొక్కరిని పేరు పెట్టి, ఎదురుగా నిలబడి అడగండి. డబ్బు ఎక్కడికి పోతుందో ఒక్క ముక్కలో చెప్పండి. ఇవ్వనన్నవాళ్లతో మర్నాడు కూడా కూరల ధరలు మాట్లాడండి. కప్పు పడ్డాక ఫొటో పట్టుకెళ్లి చూపించండి, ఇవ్వనివాళ్లకు కూడా. (ఇక్కడ లేచి బాల్కనీలోకి వెళ్లొచ్చాను. పార్కు పొగలో కనపడటం లేదు.)

8. మిగిలిన ప్రదక్షిణలు సుహాస్‌కు రాశాను. కొట్టేశాను. "అమ్మా, టోటల్ ఎంతో చెప్పు, నేనే ట్రాన్స్‌ఫర్ చేసేస్తా. ఈ నడకెందుకు?" అన్నాడు. మంచి మనసే నాన్నా. కానీ నువ్వొక్కడివే ఇస్తే కప్పు పడుతుంది, అంతే. వందమంది ఇస్తే, కప్పు పడిందా అని వందమంది అడుగుతారు. తర్వాత ప్రవల్లికకు రాశాను. ఆఫీసూ, ఇల్లూ, నేనూ ఇప్పటికే ఆమె మీద ఉన్నాం. అదీ కొట్టేశాను.

9. కావున, నేను ఆపరేషన్ నుంచి తిరిగిరాని పక్షంలో, నా మొక్కులో మిగిలిన ప్రదక్షిణలన్నీ కాలనీ గుడి కమిటీ కార్యదర్శి రామమూర్తి గారికి చెందవలెను. మోకాలి నొప్పని దేవుడి ఊరేగింపులో కూడా కారెక్కే మనిషని నాకు తెలుసు. కానీ మొక్కు మొక్కే అన్నది ఆయనే. తీరకుండా వదిలితే ఆయనకు నిద్ర పట్టదు. ఈ ఊళ్లో మొక్కంటే నాకన్నా భయపడే మనిషి ఆయనొక్కరే. ప్రదక్షిణలు పూర్తయ్యాక గుమ్మం గుమ్మానికీ ఆయనే వెళ్లాలి. హుండీ వెంట తీసుకెళ్లకూడదు.

10. ఇందులో లేనిది ఏదైనా నాదని తేలితే, అది తేజశ్రీది.

పై సంగతులన్నీ నేను చదువుకుని, నిలబడే సంతకం చేస్తున్నాను.

జనక్‌పురి, 2025 నవంబరు 22, శనివారం.

(సం.) కొచ్చెర్ల మాణిక్యాంబ

మొదటి సాక్షి: రాజేశ్వరమ్మ, పక్క ఫ్లాటు. ఆవిడ సంతకం చేయడం నేను చూశాను. నిలబడే చేసింది. వద్దన్నా వినలేదు.

రెండో సాక్షి: రామమూర్తి. సాక్షి చదవనక్కర్లేదన్నారు, నేను మొత్తం చదివాను. రేపు పొద్దున్నుంచే పార్కులో నడక మొదలుపెడుతున్నాను. ఎన్నయితే అన్ని. చివరి ప్రదక్షిణ మాత్రం నేను చెయ్యను. అది మాణిక్యాంబ గారు వచ్చి చేసుకోవాలి. మొక్కు ఆవిడది.