కనుమ మీద టీ కొట్టు

ఒకటో తారీకు, ఆదివారం

తీర్మానం! ఈ నెల్లో మన నది లోయలో ఉన్న నాలుగు దారులూ సైకిల్ మీద తొక్కేస్తాను. ఆదివారానికి ఒకటి.

కారణం మా బావమరిది. కొత్త సైకిల్ కొనుక్కుని పాతది తెచ్చి మా వరండాలో పడేశాడు. "ఇది నీకు బావా. స్టూడియోలో కూర్చుని కూర్చుని కెమెరా సంచిలా తయారయ్యావు" అన్నాడు. అందరి ముందు! మా ఆవిడ పైకే నవ్వింది. అత్తయ్యగారు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నారు. చేతిలో సూదీ లేదు, దారమూ లేదు.

(అత్తయ్యగారు టైలర్. షాపున్న బిల్డింగ్ పడగొట్టేశారని మొన్నీమధ్యే మా ఇంటికి వచ్చేశారు. కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయేవాళ్ల చొక్కాలకి వంకలు పెడుతుంటారు.)

దారులు:
ఒకటి, నది వెంట దిగువకి.
రెండు, కలప మిల్లు మీదుగా ఎగువకి.
మూడు, కనుమ దారి. అడవిలోంచి మెలికలు మెలికలుగా కొండ మీదికి. బావమరిది కూడా ఇంకా ఎక్కలేదట!! చూపిస్తాను వాడికి.
నాలుగు, జలపాతం దారి.

ఫ్యామిలీ గ్రూపులో ప్రకటించేశాను. ఇక వెనక్కి తగ్గేది లేదు.

మూడో తారీకు, మంగళవారం

సైకిల్ నిక్కరు వచ్చింది. వెనకాల దిండు ఉంది. వేసుకుని హాల్లో అటూ ఇటూ నడిచాను. మా ఆవిడ తను పనిచేసే మందుల షాపుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగిపోయి, "అది ముందు వైపా, వెనక వైపా?" అంది. మహామహులు ఇలాంటివి పట్టించుకోరు.

ఎనిమిదో తారీకు, ఆదివారం

ఒకటో దారి. అద్భుతం!! నేను పుట్టిందే సైకిల్ మీద! కాళ్లు కదపక్కర్లేదు. చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి, నది పక్కనే నాతో పోటీ పడుతోంది. పాట కూడా పాడాను. దిగువన వంతెన దగ్గర ఆగి, ఇంత తేలికేమిటా అని వెనక్కి తిరిగి చూశాను.

నది పల్లానికి పోతుంది. నేను నదితో పాటు పోయాను. ఇంటికి రావాలంటే నదికి ఎదురెక్కాలి.

కొంత తొక్కాను. కొంత నడిపించాను. కొంతసేపు గట్టు మీద కూర్చుని నా జీవితం గురించి ఆలోచించాను. ఇంతలో పాల వ్యాన్ వచ్చింది. డ్రైవర్ మంచివాడు. ఏమీ అడక్కుండా సైకిల్ని క్యాన్ల మధ్య పెట్టాడు.

ఇంట్లో "వెళ్లొచ్చారా?" అని అడిగారు. "వెళ్లొచ్చాను" అన్నాను. వెళ్లాను. వచ్చాను. రెండూ నిజాలే.

పదో తారీకు, మంగళవారం

కూర్చోలేను. స్టూడియోలో నిలబడే ఉన్నాను. పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చిన పెద్దమనిషి, "మీరు కూర్చోండి సార్, నేను నిలబడతాను" అన్నాడు. మనిషి మొహం చూస్తే నొప్పి తెలిసిపోతుందేమో. నవ్వడం ప్రాక్టీసు చేయాలి.

పదిహేనో తారీకు, ఆదివారం

రెండో దారి. అంతా ఎత్తుకి ఎక్కుడే. వాన వచ్చేలా ఉంది. (ఆకాశంలో మబ్బు లేదు. అయినా వాన ఎప్పుడు వస్తుందో ఎవరు చెప్పగలరు?) మోకాలు కూడా కొత్తగా చప్పుడు చేస్తోంది. కలప మిల్లు మొదటి మలుపులోనే ఆ వ్యాన్ మళ్లీ కనిపించింది. "ఎక్కండి సార్" అన్నాడు. కాదంటే బాధపడతాడు.

పైనుంచి చూస్తే నది చిన్న వెండి తీగలా ఉంది. ఫొటో దిగాను. స్టూడియో నుంచి తెచ్చిన స్ప్రే బాటిల్‌తో నుదుటి మీద నీళ్లు కొట్టుకున్నాను. ఎండ వాలుగా పడి ఒక్కో బొట్టూ ముత్యంలా మెరిసింది. వృత్తి మీద గౌరవం ఉన్నవాడు చెమటని కూడా అందంగా తీస్తాడు.

గ్రూపులో బావమరిది: "సూపర్ బావా!!" అత్తయ్యగారు: "దారి ఎలా ఉంది బాబూ?" అప్పటికే క్యాన్ల మధ్య కూర్చుని దిగుతున్నాను. కుదుపులో చెయ్యి జారినట్టు రాసేశాను: "వెన్నలా ఉంది అత్తయ్యగారూ. మీరైనా తొక్కేస్తారు."

ఇరవై రెండో తారీకు, ఆదివారం

కనుమ దారి. వ్యాన్ ఆ వైపు వెళ్లదట. అడిగాను. రెండుసార్లు అడిగాను.

సరే. ఇది కూడా డైరీలోనే ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. సైకిల్ తీసుకుని స్టూడియోకి వెళ్లాను. అక్కడ వెనక కట్టే తెరల్లో అడవి తెర ఒకటుంది. కొండలు, దేవదారు చెట్లు, వంకర తిరిగిన దారి. దాని ముందు సైకిల్ నిలబెట్టి, లైటు కొంచెం పసుపు చేసి, ఫ్యాను జుట్టు మీదికి తిప్పి క్లిక్. జన్మలో ఇంత మంచి ఫొటో దిగలేదు.

కింద రాశాను: "కనుమ జయించాను! ఎక్కుడు అనుకున్నంత లేదు. పైన చిన్న టీ కొట్టు. అల్లం టీ అమృతం."

టీ కొట్టు ఎందుకు రాశానో నాకే తెలీదు. ఆకలేసిందేమో.

మా ఆవిడ ఫొటో పెద్దది చేసి చూసింది. "ఆ చెట్టు పక్కన మడతలా ఉందేంటి?"

"కొండలన్నాక మడతలుండవా?" అన్నాను.

ఇరవై ఐదో తారీకు, బుధవారం

కొంప మునిగింది! అత్తయ్యగారు సైకిల్ నేర్చుకుంటున్నారు. నేర్చుకోవడం కాదు, పాత అలవాటేనట. మా ఆవిడ బుట్ట సైకిల్‌కి నూనె పోయించి వీధిలో రౌండ్లు కొడుతున్నారు. చీర కుచ్చిళ్లకి బట్టల క్లిప్పులు పెట్టుకున్నారు. కూనిరాగం తీస్తున్నారు! ఈ ఇంటికి వచ్చాక ఆవిడ గొంతులో పాట వినడం ఇదే మొదటిసారి.

"ముప్ఫై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కాను బాబూ. అది ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఇది కదులుతోంది!"

"ఎంతవరకు వెళ్దామని?" అన్నాను.

"మీ కనుమ దాకా. ఎక్కుడు పెద్దగా లేదన్నారుగా."

"అక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి అత్తయ్యగారూ."

"ఆదివారం మీరు వెళ్లినప్పుడు లేవుగా?"

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆవిడ బెల్ కొట్టి మలుపు తిరిగిపోయారు.

ఇరవై తొమ్మిదో తారీకు, ఆదివారం, పొద్దున్న

అత్తయ్యగారు లేరు!!

తెల్లారగానే వెళ్లారట. నేను నిద్రలో ఉన్నాను. నీళ్ల సీసా వంటింట్లోనే వదిలేశారు. "పైన టీ కొట్టుందిగా, మోత ఎందుకు" అన్నారట కూతురితో. ఫోన్ కలవడం లేదు. మా ఆవిడ మొహం పాలిపోయింది. "లేవండి. వెళ్లి అమ్మని తీసుకురండి. ఆ దారి మీకే కదా తెలుసు" అంది.

వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే క్షమించాలి.

కనుమ దారి వెన్నలా లేదు. మొదటి మెలికలో ఊపిరి అయిపోయింది. రెండో మెలిక నుంచి దిగి నడిపించాను. కొండ చరియ జారి ఒకచోట రోడ్డు సగమే ఉంది. మిగతా సగం కింద నదిలో ఉంది. ఆ అంచున సన్నటి టైరు గీత. దాన్ని చూశాక నొప్పులన్నీ మర్చిపోయాను. "అత్తయ్యగారూ!" అని అరిచాను. అడవి నా గొంతే నాకు తిరిగిచ్చింది. మళ్లీ ఎక్కి తొక్కాను. వ్యాన్ లేదు, తెర లేదు, స్ప్రే బాటిల్ లేదు. చెమట కళ్లలోకి కారుతుంటే మంట పుడుతుందని ఇవాళే తెలిసింది.

పై మలుపులో బుట్ట సైకిల్ పక్కకి పడి ఉంది. ఒక చక్రం ఇంకా తిరుగుతోంది.

అంచు దగ్గరికి వెళ్లి, చూడలేక, చూశాను. కింద వాగు. వాగు మధ్య రాయి మీద అత్తయ్యగారు. పాదాలు నీళ్లలో పెట్టుకుని, రెండు చేతులకీ నల్లటి జిడ్డు.

"వచ్చారా బాబూ! చైన్ ఊడింది. ఇప్పుడే ఎక్కించి, చక్రం తిప్పి చూసి, చేతులు కడుక్కుందామని ఇలా దిగాను. జిడ్డు వదలడం లేదు."

మోకాలు గీసుకుని రక్తం కారుతోంది. ఆవిడకి ఆ ధ్యాసే లేదు. నేను తెచ్చిన నీళ్లు గటగటా తాగి, "టీ కొట్టు ఇంకెంత దూరం?" అన్నారు.

నేను గట్టు మీద కూలబడ్డాను. "టీ కొట్టు లేదండీ. నేనసలు ఇక్కడికి రాలేదు. ఆ ఫొటో స్టూడియోలో దిగాను. మీకేమన్నా అయ్యుంటే..."

"తెర సంగతి తెలుసు బాబూ. బట్ట మడత నాకు తెలీకుండా పోతుందా? పైగా మా అమ్మాయి నిశ్చితార్థం ఫొటోలో అవే చెట్లు."

"మరి తెలిసీ ఎందుకొచ్చారు?"

"మీరు రాలేదని కొండ లేకుండా పోతుందా?" అన్నారు. తర్వాత జిడ్డు చేతులు చూసుకుంటూ, "టీ కొట్టు మాత్రం నమ్మాను. అది అబద్ధమని తట్టలేదు" అన్నారు. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను.

వెనక్కి వెళ్దామన్నాను. ఆవిడ నా రుమాలు మోకాలికి కట్టుకుని పైకి చూశారు. "ఇంత దూరం వచ్చి టాకా వేసి వదిలేస్తామా? కుట్టు పూర్తి చేద్దాం పదండి."

ఇద్దరం సైకిళ్లు తోసుకుంటూ ఎక్కాం. దారంతా ఆయాసమే. కనుమ మీద తుప్పు పట్టిన బోర్డు ఒకటి, గాలి, అంతే. కానీ లోయ మొత్తం కింద పరిచినట్టుంది. నది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో ఒక్క చూపులో కనిపిస్తోంది. అత్తయ్యగారు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. గాలికేమో అనుకున్నాను. గాలికి కాదు.

ఫొటో తీద్దామంటే ఆవిడకి కాల్ చేసీ చేసీ నా ఫోన్ చచ్చిపోయింది. నిజంగా ఎక్కిన రోజున సాక్ష్యం లేదు!

ముప్ఫయ్యో తారీకు, సోమవారం

చెంచా ఎత్తలేకపోతున్నాను. మా ఆవిడకి అంతా చెప్పేశాను. వ్యాన్, స్ప్రే, తెర, అన్నీ. ఆవిడ షాపులో డాక్టరు చీటీ చూసి మందులిస్తున్నంత ప్రశాంతంగా వింది.

"నాకు రెండో ఆదివారమే తెలుసు. నిజంగా తొక్కొచ్చిన మనిషి స్నానానికి పరిగెడతాడు. మీరు టిఫిన్‌కి పరిగెత్తారు."

"తెలిసీ మీ అమ్మని వెళ్లనిచ్చావా?"

అప్పుడు ఏడ్చింది. మొదటి మెలికలోనే దిగి వెనక్కి వచ్చేస్తుందనుకుందట. వాళ్లమ్మ గురించి అంత తక్కువ అంచనా వేసినందుకు ఏడ్చింది. తర్వాత తెర గుర్తొచ్చి నవ్వడం మొదలుపెట్టింది. ఇంకా ఆపలేదు.

సైకిల్ అమ్మేస్తున్నాను. ఇక ఈ వయసులో నాకు పేకాట చాలు.

ఒకటో తారీకు, బుధవారం

కొత్త నెల. తీర్మానం!! జలపాతం దారి. నిజంగా. అమ్మకం రద్దు. కానీ ఆదివారం నుంచి. ఒళ్లు నెప్పులు తగ్గాలి కదా.

"ఆదివారం దాకా ఎందుకు బాబూ?" అత్తయ్యగారు, గుమ్మంలో, క్లిప్పులతో సహా. "ఇవాళ మీ స్టూడియో సెలవేగా."

"ఎవరు చెప్పారు?"

"నేనే వెళ్లి బోర్డు తిప్పి వచ్చాను."

టైర్లలో గాలి లేదన్నాను. కొట్టించారట. మోకాలు చప్పుడు చేస్తోందన్నాను. "మంచిదేగా, ఎలుగుబంట్లు దూరంగా ఉంటాయి" అన్నారు. దారి నాకు తెలీదన్నాను. ఈ ముక్క ఈసారి ముందే చెప్పేశాను, అది రాసి పెట్టుకోవాలి. "నాకూ తెలీదు" అన్నారు, చాలా సంతోషంగా.

రూల్: వ్యాన్ ఎక్కకూడదు. చెయ్యెత్తి పలకరించొచ్చు. రెండో రూల్ ఆలోచిస్తున్నా

అయ్యో, అప్పుడే వీధి చివరికి వెళ్లిపోయారు! అత్తయ్యగారూ, ఆగండి! హెల్మెట్!