సాయంత్రం గిన్నె

చెల్లీ,

ముందు మీ అందరి సంగతి చెప్పు, నా సంగతి తర్వాత. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కుతుంటే కటకటమంటోందని పోయినసారి రాశావు, అప్పట్నుంచి మీ ఇంటి మెట్లే నా కళ్ల ముందు ఆడుతున్నాయి. మరిదిగారి దగ్గు తగ్గిందా, లేక తగ్గిందని నీతో చెప్పి పాక వెనక్కి వెళ్లి దగ్గుతున్నారా? మనవరాలికి పాలపళ్లు ఊడుతున్నాయన్నావు, నిద్రలో మింగెయ్యకుండా చూసుకో. ఆ కొమ్ము విరిగిన ఆవు ఈనిందా? దూడ లేచి నిలబడిందా? పెరటి గేటు గొళ్లెం వదులుగా ఉందని వచ్చినప్పుడే చెప్పాను, ఇప్పటికీ బిగించి ఉండరు. బిగించండి.

ఇక నేను. నా కుడికాలి బొటనవేలు వాచింది. దెబ్బ తగిలి వచ్చిన వాపు కాదు. పడుకున్నప్పుడు బాగానే ఉంది, లేచేసరికి ఎర్రగా నిగనిగలాడుతోంది, లోపల ఎవరో గాజుపెంకులు పోసి కుట్టేసినట్టు. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. ఈగ వాలితే దాని కాళ్లెన్నో చెప్పగలను, అంత నొప్పి. డాక్టరు చూసి దీన్ని గౌట్ అంటారు, ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్లలో సన్నటి రవ్వలా పేరుకుంటుంది అన్నాడు. మాత్రలిచ్చి, మాంసం తగ్గించు, పాలు తాగు, నీళ్లు బాగా తాగు అన్నాడు. మేం లేచి వస్తుంటే, పూర్వం దీన్ని రాజుల జబ్బు అనేవారమ్మా అని నవ్వాడు. ఆయన నవ్వడంలో తప్పు లేదు, ముసలిదాని భయం పోగొడదామని నవ్వాడు. మా అబ్బాయే ఆ మాటను మోసుకొచ్చి కొట్లో పెట్టాడు. ఇప్పుడు మాంసానికి వచ్చిన ప్రతివాళ్లూ 'రాణిగారికి ఎలా ఉంది' అని అడుగుతున్నారు. మేముండేది కొట్టు వెనక గదుల్లోనే కదా, మధ్యలో ఒక్క తెర అడ్డం. అన్నీ వినబడతాయి. వాడు మొద్దు మీద కత్తి ఆపి మరీ నవ్వుతాడు.

రాణినట. రాణి ఏం తిన్నదో నీకు తెలుసు కదా. మా కొట్టు బోర్డు మీద 'నిన్నటి మాంసం ఇక్కడ అమ్మబడదు' అని మీ బావగారు రాయించారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఐస్‌పెట్టె కొననివ్వలేదు, ఆయన పోయాక కొడుకూ కొనలేదు. ఆ మాట మీదే ఇంత పేరొచ్చింది. మరి అమ్ముడుపోనిది ఏమవుతుంది? కార్జం, కిడ్నీలు, మెడ ఎముకలు, ఎవరూ ఏరుకోని మెత్తటివన్నీ సాయంత్రం బేసిన్‌లో ఇంట్లోకి వస్తాయి. పారేస్తే మహాపాపం. మగవాళ్లు ముట్టరు. రోజంతా చేతికి అంటుకున్న వాసన నోటికి పడదట. వాళ్లకి గుడ్లూ బంగాళదుంపలూ వండి, ఈ గిన్నె నేను తినేదాన్ని. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ అది నాది. కోడలు వచ్చాక దానికీ కాస్త పెట్టేదాన్ని.

ఇప్పుడు ఆ గిన్నె మొత్తం దానిదైంది. నాకు ఉడికించిన సొరకాయ, మీగడ తీసిన పాలు పెట్టి, తను గిన్నె పట్టుకుని పెరట్లోకి పోతుంది. గోడవైపు తిరిగి, నాకు వీపు పెట్టి, గబగబా తింటుంది. 'అత్తయ్యా, ఒక్క ముక్క నోట్లో వేసుకోండి' అని మాటవరసకైనా అనదు. నేను వద్దనేదాన్నే చెల్లీ, కానీ అడగాలి కదా. ఇంతకాలం నా చేతిలో ఉన్న గిన్నె నా ముందే చేయి మారితే, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉండదూ?

పక్కింటి కుట్టుపని ఆవిడ ఉందిగా, ఆవిడొకటి. వచ్చినప్పుడల్లా ఒకటి మాన్పిస్తుంది. ముందు మాంసం అంది, సరే. తర్వాత బఠాణీలు, చిక్కుళ్లు, ఆ తర్వాత టమాటా, ఆకుకూర, పులుపు, చివరికి గుడ్డు కూడా. ఆవిడ మాట వింటే మిగిలేవి గాలీ నీళ్లూ. భయం కొద్దీ అన్నీ వింటున్నాను. రెండు పూటలా గంజి తాగి పడుకుంటున్నాను.

ఒక మాట అడుగుతాను, కాదనాలనుకుంటే కాదను. మీ పాక పక్కన చిన్న గది ఖాళీగా ఉందన్నావు. నేనొచ్చి ఉండిపోతే మీకు బరువా? మరిదిగారికి ఈ ఉత్తరం చదివి వినిపించకు, ముందు నువ్వు ఆలోచించు.

మీ అక్క


చెల్లీ,

నీ జవాబు అందింది. 'గది కడిగిస్తున్నాం, ఎప్పుడైనా రా' అని రాశావు చూడు, ఆ ముక్క చదివి దిండు కింద పెట్టుకున్నాను. దూడ బాగుందన్నావు, సంతోషం. దానికి మెడ తాడు మరీ బిగించకండి.

వెంటనే బయల్దేరేదాన్నే. ఈలోగా నా చేతులారా చేసుకున్నాను. ఒక మధ్యాహ్నం కోడలు మొద్దు కడగడానికి కొట్లోకి వెళ్లింది. ముందురోజు బేసిన్ నిండా వచ్చింది, గిన్నెలో ఇంకా మిగిలి ఉంది. గంజి తాగి తాగి నా కళ్లు తిరుగుతున్నాయి. మూత తీశాను. నా ఇంట్లో నేనే దొంగలా నిలబడి కార్జం ముక్కలు తిన్నాను, అడుగున ఉన్న పులుసు కూడా తాగాను. ముక్కలే చెడ్డవి, ఉడికిన నీళ్లు ఏం చేస్తాయి అనుకున్నాను. మర్నాటికి వేలు మాత్రమే కాదు, చీలమండ కూడా పొంగింది. ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేకపోయాను.

మళ్లీ డాక్టరు దగ్గరికి. ఈసారి ఆయన నవ్వలేదు. రోజూ ఏం తింటావని నన్ను అడిగితే, మా వాడు అందుకుని, 'మా అమ్మ పిట్ట తిన్నట్టు తింటుంది సార్, ఇంత జబ్బు ఎలా వచ్చిందో మాకే తెలీదు' అన్నాడు. వాడు అబద్ధమాడలేదు చెల్లీ. వాడికి నిజంగా తెలీదు. ఇన్నేళ్లూ సాయంత్రం బేసిన్ అందించి కాళ్లు కడుక్కుని పోయాడే గాని, అది ఎవరి కడుపులోకి పోతోందో వాడు ఏనాడూ చూడలేదు.

డాక్టరు నా వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా అన్నాడు. మిగిలింది తింటాను బాబూ అన్నాను. ఏం మిగులుతుంది అన్నాడు. చెప్పాను. బోర్డు సంగతి, బేసిన్ సంగతి, మగవాళ్లు ముట్టని సంగతి, పులుసు సంగతి, గంజి సంగతి. ఆయన కలం పక్కన పెట్టేశాడు. ఒక్క తిండి వల్లే ఈ జబ్బు వస్తుందని అనలేం, రక్తపోటుకి నువ్వు వేసుకునే మాత్ర కూడా కొంత పెంచుతుంది, దాన్ని మార్చి ఇస్తాను, కానీ ఉన్న జబ్బుకి ఈ గిన్నె మాత్రం విషం అన్నాడు. కార్జం, కిడ్నీలు అసలు వద్దు. ఎముకలు ఉడికించిన నీళ్లు కూడా వద్దు, ఉన్న చెడంతా ఆ నీళ్లలోకే దిగుతుందట. తియ్యటి సీసా డ్రింకులు వద్దు. గంజి తాగి పస్తుండటం కూడా తప్పేనట, ఒళ్లు ఎండగడితే యాసిడ్ ఇంకా పైకి లేస్తుందట. గుడ్డు తినొచ్చు, ఆకుకూర తినొచ్చు, బఠాణీలు తినొచ్చు, మీగడ తీసిన పాలూ పెరుగూ మంచివి. చెంబు పక్కనే పెట్టుకుని నీళ్లు తాగుతూ ఉండమన్నాడు. రోజూ వేసుకొమ్మన్న మాత్ర, నొప్పి పోయిందని మానకూడదు అని రెండుసార్లు చెప్పాడు. కుట్టుపని ఆవిడ మాన్పించినవన్నీ ఆయన తిరిగి ఇచ్చేశాడు. లేచి దణ్ణం పెట్టబోయి లేవలేక కూర్చునే పెట్టాను.

బయటికొచ్చాక మా వాడు బండి దగ్గర ఆగాడు. కాలెలా ఉంది అని అడుగుతాడేమోనని మొహంలోకి చూశాను. 'అమ్మా, ఊళ్లో సగం మంది ఆయన దగ్గరికే వస్తారు. మన కొట్లో మిగిలింది తినబట్టే రోగం వచ్చిందని పదిమందికీ తెలిస్తే బోర్డు దించుకోవాలి. ఎవరేం తింటారో అదంతా అక్కడ చెప్పాలా?' అన్నాడు. అంతే. ఆ రోజు నుంచీ కొట్లో రాణిగారి ఊసు కూడా లేదు. ఎవరైనా అడిగితే, మెట్టు జారింది అని చెప్తున్నాడు.

నలుగురూ మెచ్చుకునే ఆ బోర్డు, మేకు మీద వేలాడుతోందనుకుంటారు. అది వేలాడేది నా కాళ్ల కీళ్ల మీద చెల్లీ. ఆ మాట వాడితో అనలేను, మింగనూ లేను. వాపు దిగగానే వచ్చేస్తాను. నా పెట్టె తక్కువే, మంచం కూడా వద్దు, చాప చాలు. కోడలికి ఇంకా చెప్పలేదు. చెప్పినా గిన్నె తనకే మిగిలిందని సంబరపడుతుందేమో.

మీ అక్క


చెల్లీ,

పోయిన ఉత్తరం చివర కోడలి మీద ఒక మాట రాశాను. ఆ మాట కొట్టెయ్. కలంతో నిజంగా కొట్టెయ్, ఎప్పుడైనా ఎవరి కంటైనా పడుతుంది.

వాపు దిగాక ఒకరోజు పెట్టె సర్దుకుంటున్నాను. పొద్దున్నే కోడలు నీళ్ల బకెట్టు తెస్తోంది. మడమ ముందు ఆనించి, వేళ్లు పైకెత్తి, ఎడంచేత్తో గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ నడక నాకెవరూ చెప్పక్కర్లేదు, నేనలా నడిచినదాన్నే. చూస్తే ఎడమకాలి చెప్పు పక్కన బ్లేడుతో కోసి ఉంది, వేలికి తగలకుండా. కాలేమైందే అన్నాను. చెప్పు కరిచింది అత్తయ్యా అంది. చెప్పు కరిస్తే చెప్పుని కోస్తారటే, ఇలా పెట్టు కాలు అన్నాను. పెట్టదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. వేలు ఎర్రగా నిగనిగలాడుతోంది. నా వేలే దాని కాలికి అతికించినట్టు.

చలికాలం ముందు నుంచీ వచ్చిపోతోందట. నా జబ్బు పేరు తెలిశాక దానికీ అర్థమైందట. అర్థమైనదానివి మళ్లీ ఆ గిన్నె ఎందుకు ముట్టావే అని అరిచాను. అది తల ఎత్తలేదు.

'మీరు తినకూడదన్నారు కదా అత్తయ్యా. మరి ఎవరు తినాలి?'

నేనేనాడూ దానికి ఈ ఇంటి పద్ధతి ఇదీ అని నేర్పలేదు చెల్లీ. చెప్పకుండానే వచ్చేసింది. మరి గోడవైపు తిరిగి ఎందుకు తింటావు అని అడిగాను. మీకు కనబడితే మీ నోరూరుతుందని, అంది. వీపు పెట్టిందని ఇన్నాళ్లు దాన్ని తిట్టుకున్నాను, నీకు కూడా రాశాను. అది వీపు పెట్టింది నా కోసం.

ఆ రోజే దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, కుట్టుపని ఆవిడని తోడు పెట్టుకుని. రక్తం పరీక్షలో నాకున్నదే దానికీ ఉందని తేలింది. నెలసరి ఆగిపోయేదాకా ఆడవాళ్లని ఒంట్లోని సత్తువ కొంత కాపాడుతుందట, కోడలికి అది ఆగిపోయి రెండేళ్లయింది. ఇంకో ఇంట్లో అయితే ఇంత త్వరగా రాకపోవును అన్నాడు.

సాయంత్రం మా వాడు మామూలుగానే బేసిన్ తెచ్చి గడపలో పెట్టాడు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. అందుకే ఆ పని నేనే చేశాను. అన్నీ ఉడికించి, గిన్నె తీసుకెళ్లి వాడి కంచం పక్కన పెట్టి, తిను నాన్నా అన్నాను.

'నాకు పడదని తెలుసుగా అమ్మా.'

'మాకు పడిందా?'

వాడు కోడలి వైపు చూశాడు. కోడలు కాలు చాపి కూర్చుని ఉంది, చాపమని నేనే చెప్పాను. ఆ కాలు చూశాడు, చూసి కంచంలోకి తల దించుకున్నాడు. పారెయ్యమంటావా అన్నాడు. పారెయ్యి, లేదా పొద్దు వాలకముందే చవగ్గా అమ్ము, ఎవరికైనా ఊరికే ఇవ్వు, ఐస్‌పెట్టె కొను, బోర్డు దించు, ఏదో ఒకటి చెయ్యి, అవన్నీ నీకు తెలిసిన పనులు. తినడం ఒక్కటే మాకు తెలుసు, అది ఇక చెయ్యం అన్నాను. సరే, రేపట్నుంచి చూద్దాం అన్నాడు. వాళ్ల నాన్నా అచ్చం ఇలాగే 'చూద్దాం' అనేవారు, ఆ మాటలోకి వెళ్లిన పని మళ్లీ బయటికొచ్చేది కాదు. గిన్నె అక్కడే ఉండిపోయింది. వాసన వచ్చేదాకా ఉంది. కోడలు ఉండబట్టలేక దాన్ని తియ్యబోతే మణికట్టు పట్టుకుని ఆపాను. చివరికి వాడే లేచి, ముక్కు మూసుకుని పట్టుకెళ్లి పారేశాడు.

మర్నాటి సాయంత్రం మళ్లీ బేసిన్ వచ్చింది. గడపలో అదే చోట పెట్టి, అదే తీరున కాళ్లు కడుక్కుని వెళ్లిపోయాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

చెల్లెలింటికి పోతున్నాను అని చెప్పాను. మంచిది, నాలుగు రోజులు ఉండి రా అన్నాడు. కోడలిని కూడా తీసుకెళ్తున్నాను అన్నాను. అప్పుడు కత్తి కింద పెట్టాడు. నా కాలు సంగతి కాదు, పెళ్లాం కాలు సంగతి కాదు, తన కూడు సంగతి కూడా కాదు చెల్లీ, వాడు ఏమడిగాడో తెలుసా?

'ఇద్దరూ పోతే సాయంత్రం గిన్నె ఎలా?'

నవ్వొచ్చింది. నువ్వున్నావుగా నాన్నా అన్నాను.

చాప ఒకటి కాదు, రెండు వెయ్యి. కోడలికి వెన్న తీసిన పాలు అలవాటు లేదు, మొదట్లో మొహం ముడుస్తుంది, పట్టించుకోకు. ఇద్దరి మాత్రలూ పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాను, అయినా మర్చిపోయానేమోనని ఇప్పటికే చాలాసార్లు తీసి చూసుకున్నాను. బస్సు దిగే చోటుకి మరిదిగారిని పాల బండి తోసుకుని రమ్మను. కోడలికి ఎడమకాలు, నాకు కుడికాలు. ఇద్దరం ఒకర్నొకరం పట్టుకుంటే ఒక మనిషి నడక వస్తుంది గాని, సామాను మొయ్యలేం. ఆ గొళ్లెం ఇప్పటికైనా బిగించావా?

మీ అక్క

మర్చిపోయాను, తారీకు. వచ్చే నెల పదకొండు, మధ్యాహ్నం బస్సు. ఇద్దరం.