చెరపని చిత్తు

నల్గొండ,
14 నవంబరు 2022

ప్రియమైన గ్రేస్‌కు,

మీ ఇంటి అలవాటు ప్రకారం ముందుగా వందనాలు. అచ్చంపేటలో మీ పుట్టింట్లో నువ్వూ, సాల్మన్ అన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ కులాసాయే అని రాస్తే అబద్ధమవుతుంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు, అందుకే ఇన్నేళ్లకు కాగితం తీశాను.

మొన్న ఆత్మకూర్ వెళ్లి మీ ఆయన జానీని చూశాను. చిక్కి సగమయ్యాడు. గ్రేస్ తిట్టినా మంచిగుండు, అసలు మాట్లాడుతనే లేదు అన్నాడు. ఒక్కడి కోసం గిన్నెలో గుప్పెడు బియ్యం కడుక్కుంటున్నాడు.

విత్తనాల కంపెనీలో సూపర్‌వైజర్ చేసిన పాడు పనుల మీద నువ్వు ఫిర్యాదు పెట్టిన సంగతి జానీకి ఒక్కడికే చెప్పావు. నాలుగు రోజుల్లో అది సూపర్‌వైజర్ చేతికి చేరింది, నీ ఉద్యోగం పోయింది. జానీయే చెప్పాడని నువ్వు ఇల్లు విడిచి ఎనిమిది నెలలు. జానీ చెప్పలేదు గ్రేస్.

ఆ ఫిర్యాదుల వెబ్‌సైట్ మా ఆఫీసులో తయారైందే. నడిచేది మాత్రం మీ కంపెనీ సర్వర్ మీద. నువ్వు రాసింది ముందు అక్కడ ఒక తాత్కాలిక ఫైల్‌గా పడుతుంది, చిత్తు కాగితం అనుకో. దాన్ని చూసి, కమిటీ వాళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా తాళం వేసిన మెయిల్ తయారుచేసి, హైదరాబాద్‌లోని ఫిర్యాదుల కమిటీకి పంపి, చిత్తును చెరిపేయాలి. ఆ కంప్యూటర్ తాళానికి ఒక గడువు ఉంటుంది, ఆ రోజుకు అది తీరిపోయి మెయిల్ తయారు కాలేదు. ప్రోగ్రాం మధ్యలోనే ఆగింది, చెరిపే దాకా రాలేదు. నీ పేరుతో సహా అంతా ఎవరైనా తెరవగలిగే ఫోల్డర్‌లో ఉండిపోయింది. మీ కంప్యూటర్ గదిలో పనిచేసే విజేందర్ దాన్ని ప్రింటు తీసి సూపర్‌వైజర్‌కు ఇచ్చాడట, మొన్న వాడే ఒప్పుకున్నాడు. మధ్యలో పని చెడినా చిత్తు చెరిగిపోయేటట్టు రాయాల్సింది. పరాయి కంటపడని చోట పెట్టాల్సింది. మా ఆఫీసు పొరపాటు.

జానీతో ఒక్కసారి మాట్లాడు.

నీ
సుచరిత

తా.క. మా ఆఫీసు అని రాసి తప్పించుకున్నాను. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. నువ్వు ఫిర్యాదు పెట్టిన వారంలోనే, మీ సర్వర్ సరిచూస్తుంటే ఆ ఫైల్ నా కంటపడింది. ఉద్యోగం పోతుందన్న భయంతో గుట్టుగా చెరిపేశాను. మర్నాడు నువ్వు ఫోన్ చేసి, మీ దిక్కు నుంచి గిట్ల ఏమన్న బయటికి పోయిందా సుచీ అని అడిగావు. మా తాళం గట్టిదే, ఇంట్ల ఎవరికి చెప్పినవో చూస్కో అన్నాను. నా మాట నమ్మి ఆ సాయంత్రమే ఇల్లు విడిచావు. ఆ ఫైల్ ఇప్పుడు లేదు, విజేందర్ రేపు మాట మార్చొచ్చు. జానీ తప్పు లేదనడానికి మిగిలిన రుజువు ఈ ఉత్తరం ఒక్కటే. కమిటీకి చూపించు. కోపంలో చింపెయ్యకు.